క్రోషే బొమ్మలకి షెనీల్ యార్న్ ఎంచుకోవడం: నూగు రాలకుండా, మధ్యలో తెగకుండా

షెనీల్ యార్న్ ఉండ మొదటిసారి చేతికొస్తే ఎవరైనా చేసేది ఒకటే, చెంపకి ఆనించుకుని అబ్బ ఎంత మెత్తగా ఉందో అనుకోవడం. నేనూ అదే చేశా (అప్పట్లో దాన్ని చెనిల్లె అని చదివేదాన్ని, అది వేరే సంగతి), ఆరు ఉండలు ఒకేసారి కొనేశా, కుందేలు బొమ్మ మొదలుపెట్టా, మ్యాజిక్ రింగ్ (బొమ్మ మొదట్లో వేసే దారం ఉచ్చు, చివర లాగితే బిగుసుకుంటుంది) బిగించగానే టప్‌మని తెగింది. మళ్లీ వేశా, మళ్లీ తెగింది. ఎలాగోలా పూర్తిచేసి మా అక్క కూతురికిస్తే, అది చెవి పట్టుకుని ఇల్లంతా ఈడ్చుకుంటూ తిరిగిందేమో, వారం తిరిగేసరికి చెవి దగ్గర నూగంతా ఊడిపోయి లోపలి సన్న పోగులు బయటికొచ్చేశాయి. చూడ్డానికి గజ్జి పట్టిన కుందేల్లా ఉంది పాపం.

ఆ తర్వాత చాలా రకాలు వాడాక నాకు తెలిసిందేంటంటే షెనీల్ అన్నాక అన్నీ మెత్తగానే ఉంటాయి, కాబట్టి మెత్తదనం చూసి కొనడం వల్ల ఏమీ తెలీదు. తేడా అంతా లోపల ఉంది, నూగుని పట్టుకున్న పురి ఎంత గట్టిగా ఉందనే దాంట్లో. కింద చెప్పేవన్నీ ఆ ఒక్కటీ ఎలా కనిపెట్టాలా అనే.

ముందు దారం లోపల ఏముందో చూడండి

ఒక జానెడు ముక్క కత్తిరించి, చివర్న పట్టుకుని పురి వెనక్కి తిప్పుతూ విప్పండి. రెండు సన్నటి పోగులు విడివడతాయి, వాటి మధ్యలోంచి చిన్న చిన్న దారం ముక్కలు పొడిలా రాలతాయి. షెనీల్ తయారీ అంతా ఇదే, రెండు పోగుల మధ్య అడ్డంగా పొట్టి ముక్కలు ఇరికించి గట్టిగా పురి పెడితే ఆ ముక్కలు చుట్టూ విచ్చుకుని నూగులా నిలబడతాయి. సీసాలు తోమే బ్రష్ ఉంటుంది కదా, తీగ మెలేసి మధ్యలో కుచ్చు పెట్టింది, అచ్చం అలాగే. ఫ్రెంచ్‌లో షెనీల్ అంటే గొంగళిపురుగు, పేరు పెట్టినవాళ్లెవరో కళ్లు పెట్టి చూసే పెట్టారు.

అంటే ఏంటి, నూగుకి ముడి లేదు, కుట్టు లేదు, పురి పట్టు మీదే బతుకుతోంది. కొన్నిట్లో మాత్రం పోగుల్లో తక్కువ వేడికే కరిగే నైలాన్ కలిపి వేడి తగిలిస్తారు, అప్పుడు నూగు కాస్త అతుక్కుని ఉంటుంది, అలాంటివి ఎక్కువ కాలం నిలుస్తాయి. కానీ లేబుల్ మీద ఆ ముక్క రాయరు, మనమే లాగి చూసుకోవాలి. ఇంకోటి, దారం ఎంత లావుగా కనిపించినా బరువు మోసేది ఆ రెండు పోగులే. వేలంత లావు దారం అంత తేలిగ్గా ఎలా తెగిందా అని మీరెప్పుడైనా ఆశ్చర్యపోయుంటే కారణం అదే.

పేర్ల గందరగోళం

షెనీల్, వెల్వెట్, బ్లాంకెట్ యార్న్, ప్లష్ యార్న్ అని నాలుగైదు పేర్లతో అమ్ముతుంటారు, ఏ పేరు దేనికి పెట్టాలో నియమమేమీ లేదు. మామూలుగా వెల్వెట్ అన్నది పొట్టి నూగుతో, కాస్త మెరుపుతో, సన్నగా ఉంటుంది. బ్లాంకెట్ యార్న్ లావుగా, మెరుపు లేకుండా ఉంటుంది. దాదాపు అన్నీ పాలిస్టరే, లేబుల్ మీద మైక్రో పాలిస్టర్ అని రాసినా పాలిస్టరే. పొడుగు బొచ్చుతో వచ్చే ఫర్ యార్న్ వేరే జాతి, మొదటి బొమ్మకి దాని జోలికి పోకండి, కుట్టు ఎక్కడుందో దేవుడికే తెలియాలి.

ఒక సలహా, కొత్తవాళ్లయితే పొట్టి నూగు దట్టంగా ఉన్నది తీసుకోండి. పొడుగు నూగు ఫొటోలో ముద్దుగా ఉంటుంది గానీ అది దేనికైనా తగులుకుని లాగబడే అవకాశం ఎక్కువ, పైగా ముక్కూ మూతీ కుట్టినా బొచ్చులో మునిగిపోతాయి.

లేబుల్ మీద గ్రాములు కాదు, మీటర్లు చూడండి

లావు చెప్పడానికి క్రాఫ్ట్ యార్న్ కౌన్సిల్ (అమెరికాలో దారం కంపెనీల సంఘం) వాళ్ల 0 నుంచి 7 దాకా అంకెలుంటాయి, చిన్న ఉండ బొమ్మ వేసి మధ్యలో అంకె వేస్తారు. బొమ్మల షెనీల్ ఎక్కువగా 5, 6లో ఉంటుంది, 7 అంటే జంబో. కానీ ఒక కంపెనీ 5 ఇంకో కంపెనీ 6 పక్కపక్కన పెడితే ఒకేలా ఉండటం నేను చూశా, అందుకే అంకె కన్నా 100 గ్రాములకి ఎన్ని మీటర్లో చూడటం నయం. హిమాలయ డాల్ఫిన్ బేబీ, యార్న్ఆర్ట్ డోల్చే లాంటివి 100 గ్రాములకి 120 మీటర్లు. అలీజే వెల్లూటో 100 గ్రాములకి 68 మీటర్లు. బెర్నాట్ బ్లాంకెట్ పెద్ద ఉండ 300 గ్రాములు, దగ్గర దగ్గర 200 మీటర్లు, అంటే 100 గ్రాములకి 67 పడుతుంది. ఈ లెక్క చూస్తే డోల్చే బదులు డాల్ఫిన్ బేబీ వాడినా బొమ్మ ఇంచుమించు అదే సైజులో వస్తుందని, బ్లాంకెట్ యార్న్ వాడితే మాత్రం పెద్దదవుతుందని చూడగానే తెలిసిపోతుంది. ప్యాటర్న్‌లో (బొమ్మ ఎలా అల్లాలో వరసవారీగా రాసిన కాగితం) చెప్పిన బ్రాండ్ దొరక్కపోతే వేరేది వెతకడానికి కూడా ఇదే దారి.

లావు దారం అనేసరికి బొమ్మ త్వరగా అయిపోతుందని సంబరపడతాం, అవుతుంది కూడా, కానీ ఒక చిక్కుంది. అదే ప్యాటర్న్ అవే కుట్లతో రెండింతలు లావైన దారంతో వేస్తే బొమ్మ ఎత్తు రెండింతలవుతుంది, దాంతోపాటు వెడల్పూ మందమూ కూడా రెండింతలే కదా, కాబట్టి లోపల కూరే దూది ఎనిమిదింతలు పడుతుంది. దారం పొడవు రెండింతలే, కానీ బరువులో చూస్తే అదీ ఎనిమిదింతల దగ్గరికెళ్తుంది. అరచేతిలో పట్టే తాబేలు వేద్దామని కూర్చుని దిండంత తాబేలు వేసినవాళ్లు చాలామందే ఉంటారు, నేనూ ఉన్నా. కాబట్టి ముందు బొమ్మ సైజు అనుకోండి, దాన్నిబట్టి దారం లావు. చేతిలో ఇమిడే బొమ్మలకి 120 మీటర్ల రకం, ఒళ్లో పెట్టుకుని పడుకునేవాటికి 67, 68 రకం, ఇంతే సింపుల్‌గా పెట్టుకోండి.

అసలు పరీక్ష: ఒక్క ఉండ తెచ్చి హింసించండి

ఆరు ఉండలు ఒకేసారి కొనకండి అని నా కుందేలు సాక్షిగా చెప్తున్నా. ఒకటి తెచ్చుకుని కూర్చోండి.

మొదటి పని, ఉండ మధ్యలోంచి కొంచెం దారం బయటికి లాగి (కత్తిరించిన చివర కాదు, చివర్న ఎలాగూ రాలుతుంది, దాన్ని చూసి భయపడక్కర్లేదు) బొటనవేలు చూపుడువేలు గోళ్ల మధ్య నూగుని మాత్రమే పట్టుకుని అటూ ఇటూ ఊపి లాగండి. ఒకటో రెండో పోగులు వస్తే పర్లేదు. చిటికెడు కుచ్చు వచ్చేసి అక్కడ బోడిగా లోపలి పోగు కనిపిస్తే ఆ దారం బొమ్మకి పనికిరాదు, ఎంత మంచి రంగైనా సరే వదిలేయండి.

రెండోది, ఒక మూరెడు దారాన్ని ముదురు రంగు బట్ట మీద పెట్టి, దారం ముదురు రంగైతే తెల్ల బట్ట మీద, గట్టిగా ఒక పదిహేను ఇరవైసార్లు రుద్దండి. బట్ట మీద ఏం మిగిలిందో చూడండి. ఇంకా కచ్చితంగా కావాలంటే, దారాన్ని పిడికిట్లో బిగించి పట్టుకుని రెండో చేత్తో పొడుగునా లాగండి, ఒకసారి ఇటు ఒకసారి అటు. నూగు ఒక వైపు పడుకుని ఉంటుంది కాబట్టి ఒక దిక్కున నున్నగా, ఇంకో దిక్కున కాస్త గరుగ్గా తగలొచ్చు. నున్నగా పోయే దిక్కు గుర్తుపెట్టుకోండి, ఆ దిక్కునే వేళ్లలోంచి జారేలా అల్లితే నూగు తక్కువ దెబ్బతింటుంది. చిన్న విషయమే గానీ పెద్ద బొమ్మ పూర్తయ్యేసరికి ఒళ్లో పడే పొడిలో తేడా కనిపిస్తుంది.

మూడోది తెగే పరీక్ష. రెండు చేతుల మధ్య జానెడు దారం పెట్టుకుని నెమ్మదిగా బలం పెంచుతూ లాగండి, ఝటకా ఇవ్వొద్దు. మంచి దారం కాస్త సాగి, వేళ్లకి నొప్పి పుట్టేదాకా ఓర్చుకుంటుంది. చెత్త దారం సాగినట్టే సాగి లోపల ఒక పోగు చిట్లిన చప్పుడు చేస్తుంది, చెవి దగ్గర పెట్టుకుంటే వినిపిస్తుంది కూడా, ఇంకో పోగు మీద బతుకుతూ బయటికి బాగానే ఉన్నట్టు నటిస్తుంది. బొమ్మలో ఇలాంటి చోటే రెండు నెలల తర్వాత చిల్లి పడుతుంది.

ఇక నాలుగోది, ఉండంతా చూడటం. దారం మీద వేళ్లు జార్చుకుంటూ ఒక ఐదారు మీటర్లు పోనివ్వండి, నూగు లేని బోడి మచ్చలు, ఉన్నట్టుండి సన్నబడిన చోట్లు, ఫ్యాక్టరీ ముళ్లు తగుల్తాయేమో. ఒక ఉండలో ఒక ముడి అంటే సర్దుకోవచ్చు, అంతకు మించితే విసుగే.

ఆన్‌లైన్‌లో కొనేవాళ్లకి ముట్టుకునే వీలుండదు కాబట్టి రివ్యూల్లో మెత్తగా ఉంది అన్నవి వదిలేసి, విప్పి మళ్లీ అల్లాను, మ్యాజిక్ రింగ్ వేశాను, ఉతికాను అన్నవాళ్లవి మాత్రం చదవండి. అసలు విషయం తెలిసేది వాళ్లకే.

శాంపిల్ వేయండి, ఆ తర్వాతే మిగతా ఉండలు

ఆ పరీక్షలన్నీ పాసైందనుకోండి, చిన్న గుండ్రం వేయండి: 6, 12, 18, 24 కుట్లు, నాలుగు వరసలు. అమెరికన్ లెక్కలో సింగిల్ క్రోషే, బ్రిటిష్ ప్యాటర్న్ అయితే దాన్నే డబుల్ అంటారు, కంగారు పడకండి. మొత్తం 60 కుట్లు. దీంతో మూడు పనులు అవుతాయి.

ఒకటి, హుక్ సైజు. లేబుల్ మీద రాసిన హుక్ దుప్పట్లు, స్కార్ఫులు లాంటి వదులు అల్లికకి, బొమ్మకి దానికన్నా చిన్నది కావాలి. 120 మీటర్ల రకానికి నేను 4 లేదా 4.5 ఎంఎం, బ్లాంకెట్ రకానికి 6, 6.5 ఎంఎం వాడతా. గుండ్రాన్ని వేళ్లతో సాగదీసి వెలుతురుకి పట్టుకోండి, కుట్ల మధ్య చుక్కల్లా వెలుతురు కనిపిస్తే దూది కూడా కనిపిస్తుంది, హుక్ అర సైజు తగ్గించండి. మరీ తగ్గిస్తే హుక్ దూర్చిన ప్రతిసారీ నూగు గీరుకుని రాలుతుంది, మణికట్టు కూడా పోతుంది, కాబట్టి ఎక్కడో ఆగాలి. హుక్ తల గుండ్రంగా నున్నగా ఉండాలి, మొన తేలినవి లోపలి పోగుల మధ్యలోకి దూరిపోయి దారాన్ని చీలుస్తాయి. వదులుగా అల్లితే ఇంకో తలనొప్పి ఉంది, దారం తనంతట తానే మెలిక తిరిగి అక్కడక్కడా పురుగులా బయటికి పొడుచుకొస్తుంది, అలా వచ్చిందంటే అల్లిక వదులైందనే.

రెండు, విప్పి చూడటం. వేసిన గుండ్రాన్ని మొత్తం విప్పేసి అదే దారంతో మళ్లీ వేయండి. షెనీల్‌తో కుట్లు కనిపించవు కాబట్టి తప్పులు తప్పవు, విప్పడం తప్పదు, రెండోసారి వేసేసరికి దారం పీలగా తయారైతే మీరు ఏ తప్పూ చెయ్యకుండా బొమ్మ పూర్తి చెయ్యాలన్నమాట. అది జరిగే పని కాదు. నేను ఎంచుకునేటప్పుడు అన్నిటికన్నా ఎక్కువ మార్కులు దీనికే వేస్తా.

మూడు, ఎన్ని ఉండలు కావాలో లెక్క. అల్లే ముందు ఉండని, అల్లాక మిగిలిన ఉండని చిన్న తూకం మెషిన్ మీద పెడితే 60 కుట్లకి ఎన్ని గ్రాములు పోయాయో వస్తుంది, లేదా విప్పినప్పుడు టేపుతో కొలవండి. ఉదాహరణకి 60 కుట్లకి 5 మీటర్లు పట్టిందనుకుందాం. ప్యాటర్న్ మొత్తం కుట్లు కూడితే 1500 వచ్చాయి, అంటే 125 మీటర్లు. ఉండ 120 మీటర్లే. చూశారా, ఒక్క ఉండ సరిపోతుంది లెమ్మని కూర్చుంటే రెండో కాలు సగంలో ఆగిపోయేది. ప్యాటర్న్‌లో ప్రతి వరస చివర్న కుట్ల సంఖ్య ఇస్తారు కాబట్టి కూడటం పెద్ద పనేం కాదు. తోకలకి (అంటే చివర్లలో వదిలే దారం ముక్కలకి), తప్పులకి ఇంకో పది శాతం కలుపుకుని, అన్నీ ఒకే డై లాట్ నంబర్ (ఒకేసారి రంగు వేసిన ఉండలకిచ్చే నంబర్) ఉన్నవి తీసుకోండి. లాట్ మారితే లేబుల్ మీద రంగు పేరు ఒకటే ఉన్నా పక్కపక్కన పెడితే తల ఒక షేడ్, ఒళ్లు ఒక షేడ్ కనిపిస్తుంది.

రంగు ఎంచుకోవడంలో ఒకే మాట

మొదటి బొమ్మకి నలుపు వద్దు. నేవీ బ్లూ కూడా వద్దు. లేత రంగుల్లో కుట్టు నీడ కాస్తయినా కనిపిస్తుంది, నలుపులో అదీ ఉండదు, పగటి వెలుతురులో కూడా గుడ్డివాళ్లలా వేళ్లతో తడుముకోవాలి. నిజానికి ఏ రంగైనా చివరికి వేళ్లతోనే లెక్క పెడతాం, బొటనవేలు అంచు మీద జరుపుతుంటే కుట్టు కుట్టుకీ మధ్య చిన్న గుంట తగుల్తుంది, రెండు మూడు బొమ్మలయ్యాక అలవాటైపోతుంది. వరస మొదట్లో వేరే రంగు సన్న దారం ముక్క అడ్డంగా వేసుకుంటూ పోతే దారి తప్పరు. ఎరుపు, మెరూన్ లాంటి ముదురు రంగులైతే తడి తెల్ల గుడ్డతో రుద్ది రంగు దిగుతుందేమో చూడటం మర్చిపోకండి, తెల్ల పొట్ట, ఎర్ర ఒళ్లు ఉన్న బొమ్మ ఉతికాక గులాబీ పొట్ట అయితే చేసేదేం లేదు.

షెనీల్‌తోపాటు ఇంకో దారం కూడా కొనాలి

ఇది చాలామంది చెప్పరు. అదే రంగుకి దగ్గరగా ఉన్న గట్టి సన్న దారం ఒకటి, కాటన్‌దో పాలిస్టర్‌దో, కచ్చితంగా పక్కన ఉండాలి. చేతులు కాళ్లు చెవులు కుట్టడానికి షెనీల్ తోకనే సూదికెక్కిస్తే, ప్రతి కుట్టుకీ అల్లిక సందుల్లోంచి లాగడంలో నూగంతా ఊడిపోయి నాలుగో కుట్టుకి బోడి పోగు మిగులుతుంది, అదే చెవిని పట్టుకుని ఉండాల్సింది. నా కుందేలు చెవి కథ ఇదే, దారం చెత్తదే గానీ సగం తప్పు నాది. సన్న దారంతో కుట్టి బిగిస్తే కుట్టు నూగులో మునిగిపోయి కనిపించనే కనిపించదు.

మ్యాజిక్ రింగ్ సంగతి కూడా ఇంతే. మీ దారం లాగితే తట్టుకుంటుందని పరీక్షలో తేలితే వేసుకోండి, కానీ బిగించేటప్పుడు ఒకేసారి గుంజకుండా కొంచెం లాగి, కుట్లు సర్ది, మళ్లీ కొంచెం లాగి అలా. నమ్మకం లేకపోతే రెండు చైన్లు వేసి, హుక్ నుంచి రెండో చైన్లో ఆరు కుట్లు వేసి మొదలుపెట్టండి, నడిమి చిల్లి నూగులో కలిసిపోతుంది. ఇంకా పక్కాగా కావాలంటే ఆ సన్న దారంతోనే రింగ్ చేసి దాని మీద షెనీల్ కుట్లు వేసి దాన్ని లాగి ముడెయ్యండి, అది మీ చెయ్యి తెగినా తెగదు.

పసిపిల్లల బొమ్మకైతే

ఇక్కడ కాస్త కఠినంగానే ఉండండి. పాపాయి నోట్లో పెట్టుకుని చీకుతుంది, పీకుతుంది, కాబట్టి గోళ్ల పరీక్షలో ఒక్క కుచ్చు వచ్చినా ఆ దారం వద్దు. లేబుల్ మీద ఓకో-టెక్స్ స్టాండర్డ్ 100 ఉందేమో చూడండి, అందులో క్లాస్ 1 అన్నది మూడేళ్ల లోపు పిల్లల వస్తువులకి పెట్టిన, అన్నిటికన్నా గట్టి కేటగిరీ. అది దారంలో హానికర రసాయనాల గురించి చెప్పేది మాత్రమే, నూగు రాలదని గ్యారంటీ కాదు, ఈ రెండూ కలిపేసుకోవద్దు. ప్లాస్టిక్ కళ్లకి సేఫ్టీ ఐస్ అని పేరుంది గానీ వెనక వాషర్ ఎంత గట్టిదైనా షెనీల్ అల్లిక సాగే రకం, సందులోంచి కన్ను మొత్తంగా ఊడొచ్చేయొచ్చు, మూడేళ్ల లోపు పిల్లలకి కళ్లు దారంతోనే కుట్టండి. కొందరు కత్తిరించిన చివరల్ని లైటర్‌తో కాల్చి అతికిస్తారు, పాలిస్టర్ కాబట్టి కరుగుతుంది నిజమే, కానీ గట్టి ముద్దలా మిగిలి గుచ్చుకుంటుంది. బదులు తోక పొడుగ్గా వదిలి ముడేసి బొమ్మ లోపలికి దూర్చేయండి.

ఉతకడం గురించి రెండు ముక్కలు. నెట్ బ్యాగ్‌లో పెట్టి 30 డిగ్రీల లోపు నీళ్లలో జెంటిల్ మీద, ఆరడానికి నీడన పరిచి. ఇస్త్రీ పెట్టెని దగ్గరికి రానివ్వకండి, వేడికి నూగు కరిగి అట్ట కట్టేస్తుంది, ఇక దువ్వినా లేవదు. వీలైతే శాంపిల్ గుండ్రాన్నే ముందు ఒకసారి ఉతికి చూస్తే బొమ్మ భవిష్యత్తు తెలిసిపోతుంది.

ఇప్పటికే చెత్త దారం కొనేసి ఉంటే

పారేయక్కర్లేదు. దాంతోపాటు అదే రంగు సన్న యాక్రిలిక్ పోగొకటి జతగా పట్టుకుని రెండూ కలిపి అల్లండి, లాగుడు భారమంతా యాక్రిలిక్ మోస్తుంది, షెనీల్ పైన మెత్తదనానికి మాత్రం ఉంటుంది. హుక్ అర సైజు పెంచాల్సి రావొచ్చు. నూగు రాలడం దీనివల్ల ఆగదు, తెగడం ఆగుతుంది, కాబట్టి పిల్లలకి కాకుండా అరల్లో కూర్చోబెట్టే బొమ్మలకి వాడుకోండి. నా ఆరు ఉండల్లో మిగిలిన రెండు అలాగే గుడ్లగూబ అయ్యాయి. నాలుగేళ్లుగా పుస్తకాల పక్కన కూర్చుని ఉంది, ఎవరూ ముట్టుకోరు కాబట్టి ఒక్క పోగు కూడా రాల్లేదు.